స్టార్ దాచిన ఏడాది

"సలోమీ, ఈ ఏడు స్టార్ తియ్యమాక. పెట్టెలోనే ఉండనీ," అన్నాడు ఎజ్రా.

డిసెంబర్ మొదలైన సాయంత్రం. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో గోడౌన్ సూపర్‌వైజర్ పని ముగించుకుని, కంపెనీ బస్సులో ఒళ్ళు హూనం చేసుకుని అజ్మాన్ చేరిన మనిషి, బూట్లయినా విప్పకుండా అన్న మొదటి మాట ఇదీ! సలోమి అప్పటికే కుర్చీ ఎక్కి అల్మరా మీది సూట్‌కేసు సగం లాగింది. కింద ఎనిమిదేళ్ళ హదస్సా రెండు చేతులూ చాచి, స్టార్ ఎప్పుడు దిగివస్తుందా అని నిలబడి ఉంది.

"ఎందుకు డాడీ?" అంది పిల్ల.

"పెద్దాళ్ళు వస్తున్నారమ్మా మనింటికి," అన్నాడు ఎజ్రా. ఆ 'పెద్దాళ్ళు' అన్నప్పుడు అతని ముఖం వెలిగింది చూడండి, పెళ్ళినాడు కూడా అంతలా వెలగలేదు.

ఆ స్టార్ సలోమి తల్లి గుంటూరులో కొని, మడతపెట్టి, పెళ్ళికూతురి పెట్టెలో పట్టుచీరల మధ్య పెట్టి పంపింది. ఎర్ర కాగితం, మధ్యలో బల్బు. క్రైస్తవుల ఇల్లంటే డిసెంబర్‌లో గుమ్మం ముందు స్టార్ వేలాడాలి. దాన్ని చూసుకునే క్యారల్స్ పాడేవాళ్ళు ఆ ఇంటికి వస్తారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ స్టార్ ఈ బాల్కనీలో ఏ ఏడూ వెలగకుండా లేదు.

దాని కింద కిటికీ గట్టు మీద ఎజ్రా పండుగ ఉండేది. హనుక్కా, యూదుల దీపాల పండుగ. వాళ్ళ నాయనమ్మ చేసినట్టే, ఆమె ఇచ్చిన తొమ్మిది మట్టి ప్రమిదలు వరసగా పెట్టేవాడు. మిగతావాటిని వెలిగించే ప్రమిదను మాత్రం బోర్లించిన ఇత్తడి గ్లాసు మీద ఎత్తుగా ఉంచేవాడు. కింది ఫ్లాట్ తమిళాయన వీళ్ళు దీపావళి ఏటా ఆలస్యంగా చేసుకుంటారేమిటా అని తెగ ఆశ్చర్యపోయేవాడు. హనుక్కాకు నూనెలో వేయించినవి తినాలి, క్రిస్మస్‌కు గులాబీ పువ్వులు వండాలి. సలోమి ఒక్కసారి మూకుడు పెట్టి, మైదా, గుడ్లు కలిపిన పిండిలో అచ్చు ముంచి, రెండు పండుగలకూ ఒకే నూనెలో పువ్వులు తీసేది. "మీ దేవుడికో పళ్ళెం, మా దేవుడికో పళ్ళెం," అనేది. "ఇద్దరూ ఒకటేనే పిచ్చిదానా, మావాడు పెద్దాయన, అంతే," అనేవాడు ఎజ్రా.

నిజానికి వాళ్ళిద్దరిదీ గుంటూరు జిల్లాలో ఒకే ఊరు, ఊరి బయట ఒకే పేట. ఎజ్రా తాత ఒకప్పుడు సలోమి వాళ్ళ చర్చిలోనే కింద చాప మీద కూర్చున్నవాడు. పాత నిబంధన చదివీ చదివీ ఒకనాడు లేచి, మనం తప్పిపోయిన ఇశ్రాయేలు గోత్రం వాళ్ళం, మన విశ్రాంతి దినం శనివారం, ఆదివారం కాదు అన్నాడు. నాలుగైదు ఇళ్ళవాళ్ళు ఆయన వెంట నడిచారు. పేటంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ! ఊళ్ళో హోటల్లో తన కోసం విడిగా మేకుకు తగిలించిన గ్లాసులో టీ తాగిన మనిషి ఆయన. ఆ గోత్రం పేరు పలికినప్పుడు ఆయన నడుము నిటారుగా లేచేదట. ఎజ్రా ఆ మాట చెప్పినప్పుడల్లా అతని నడుమూ లేచేది. సలోమి ప్రేమించింది ఆ నిలబడటాన్నే. అవతల చర్చివాళ్ళు, ఇవతల శనివారంవాళ్ళు దుమ్మెత్తి పోస్తుంటే, ఇంట్లో రెండు పండుగలూ ఉంటాయని ఒప్పందం చేసుకుని ఇద్దరూ పెళ్ళాడారు.

దుబాయ్ వచ్చాక ఎజ్రా నోరు మూసుకున్నాడు. కుల సర్టిఫికెట్లో హిందువు, వీసా ఫారంలో క్రిస్టియన్, ఇంట్లో తలుపేసుకున్నాక యూదుడు. ఒక్క మనిషి, మూడు చొక్కాలు. ఆ తర్వాత 2020లో ఇజ్రాయెల్‌తో ఇక్కడి ప్రభుత్వానికి ఒప్పందం జరిగింది. దుబాయ్‌లో యూదులు బహిరంగంగా పండుగలు చేసుకోవడం మొదలెట్టారు. రెండేళ్ళపాటు ఆ ఫోటోలు ఫోన్‌లో చూసుకుంటూ గడిపాడు ఎజ్రా. చివరికి ఈ ఏడు, గోడౌన్‌లో సరుకు చూసుకోవడానికి వచ్చిన జోనథన్ అనే ఆయన తలమీద యూదులు పెట్టుకునే చిన్న టోపీ చూసి, ఆగలేక, నేనూ మీవాణ్ణేనని చెప్పేశాడు.

ఆ జోనథన్ మంచివాడు. నవ్వలేదు, చేయి కలిపాడు. దుబాయ్‌లో ఒక విల్లా తోటలో తాము కొన్ని కుటుంబాలు కలిసి హనుక్కా చేసుకుంటామని, మొదటి రాత్రి పిల్లలే దీపాలు ముట్టిస్తారని చెప్పాడు. పిల్ల ఉందా అని అడిగాడు. ఉందంటే, ఒక ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చి అందరితో మాట్లాడతానన్నాడు. అంతే, ఎజ్రాకు నిద్ర పట్టడం మానేసింది.

"హదస్సా ఆ పిల్లల్లో నిలబడాలి సలోమీ. మా తాతని పేటలో ఎగతాళి చేశారు. ఆయన మనవరాలి బిడ్డ... కాదు, మనవడి బిడ్డ, అసలైనాళ్ళ మధ్య దీపం ముట్టించాల. ఒక్కసారి. ఇంకేం అడగను నిన్ను."

"ముట్టించనీండి. దానికీ మా స్టార్‌కీ ఏంటి సంబంధం?"

"వాళ్ళల్లో తల్లిని బట్టే బిడ్డ. నువ్వు చర్చికి పోతావని తెలిస్తే పిల్లని లెక్కలోకి తీసుకోరు. మారతావా అని అడుగుతాడు. సరే అను. ఊరికే అను, తరవాత చూసుకుందాం."

సలోమికి చుర్రుమంది. అయినా మొగుడి కళ్ళల్లో నీళ్ళు చూసింది. ఎంతైనా కాగితం స్టారే కదా అనుకుంది. ఆమె చేసిన తప్పంతా ఆ అనుకోవడంలోనే ఉంది. సూట్‌కేసును మళ్ళీ అల్మరా మీదికి తోసి, కుర్చీ దిగి, పిల్ల ముఖం వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం వచ్చేలోపల ఇల్లు ఇల్లు కాకుండా పోయింది. యూదులు తినకూడని రొయ్యలు ఫ్రిజ్‌లోంచి పక్క ఫ్లాట్ అమీనాబీకి చేరాయి. జనవరి ఒకటిన చర్చిలో సలోమికి వచ్చిన వాగ్దాన వాక్యం కార్డు గోడ దిగింది, అది ఉన్నచోట తెల్లటి చదరం మిగిలింది. చర్చి క్యాలెండర్ పరుపు కిందికి వెళ్ళింది. క్యారల్స్ బృందాన్ని నడిపే మణికి ఫోన్ చేసి, ఈసారి మాకు వీలు పడదమ్మా అని చెప్పింది సలోమి. మణి, సలోమి పనిచేసే క్లినిక్‌లోనే నర్సు. సలోమికి అక్కడ ల్యాబ్‌లో ఉద్యోగం వెతికి పెట్టిందీ, హదస్సా పుట్టినప్పుడు నెలంతా పథ్యం వండి మోసుకొచ్చిందీ ఆ పిల్లే.

"వీలు పడకపోవడమేందక్కా, మీ గులాబీ పువ్వులు తినకుండా మా గొంతులు లేస్తయ్యా? మీ ఇల్లే గదా మాకు ఆఖరిది," అని నవ్వింది మణి. సలోమి ఫోన్ పెట్టేసింది. ఆ నవ్వు విన్నాకైనా గట్టిగా ఇంకోసారి చెప్పాల్సింది. చెప్పడానికి నోరు రాలేదు.

జోనథన్ అన్న టైముకే వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. గుమ్మంలో చెప్పులు విప్పబోతే ఎజ్రా వద్దు వద్దని పరుగెత్తాడు. హదస్సాకు రంగు కాగితం చుట్టిన చిన్న బొంగరం ఇచ్చి, ఇంగ్లీషులో ముచ్చట్లాడాడు. పిల్ల నాన్న నేర్పిన దీవెన ఒక్క తప్పు లేకుండా చదివింది. జోనథన్ చప్పట్లు కొట్టాడు. ఎజ్రా ఛాతీ గదంతా నిండిపోయింది.

సలోమి పళ్ళెం నిండా గులాబీ పువ్వులు, స్టీలు గ్లాసులో టీ తెచ్చి పెట్టింది. జోనథన్ రెండు చేతులూ జోడించి, ఏమీ అనుకోవద్దని, తమ ఆహార నియమాల వల్ల బయట వంటింటి పాత్రల్లో తినడం తాగడం కుదరదని చెప్పాడు. తన సంచిలోంచి నీళ్ళ సీసా, కాగితం కప్పు తీసుకున్నాడు.

"తెలుసు, తెలుసు. అది మన నియమం," అన్నాడు ఎజ్రా. ఆ 'మన' అన్న మాట నొక్కి మరీ అన్నాడు.

సలోమి ఆ కాగితం కప్పునే చూస్తూ నిలబడింది. ఆ మనిషిలో చిన్నచూపు లేదు, ఆమెకూ తెలుసు. అయినా మేకుకు వేలాడిన తాతగారి గ్లాసు ఆమె కళ్ళ ముందుకొచ్చి కూర్చుంది. ఎజ్రాకు ఎలా గుర్తు రావడం లేదో ఆమెకు అర్థం కాలేదు. పట్టరాని కోపం వచ్చింది, అది జోనథన్ మీద కాదు.

జోనథన్ అడగాల్సింది అడిగాడు. మతం మారడానికి ఆమె మనస్ఫూర్తిగా సిద్ధమేనా?

"సరే," అంది సలోమి. ఊరికే అనమన్నాడుగా, ఊరికే అంది.

అప్పుడే గుమ్మం బెల్లు మోగింది.

సలోమి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. తలుపు కన్నంలోంచి చూస్తే కారిడార్‌లో మణి, వెనకాల చర్చివాళ్ళు ఏడెనిమిదిమంది, ఎర్ర టోపీలు పెట్టుకున్న పిల్లలు. ఒకాయన చంకలో డోలు. ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా ఎప్పటిలాగే గొంతులు తగ్గించి, మొదటి చరణం అప్పుడే ఎత్తుకున్నారు. మణి చేతిలో కేకు డబ్బా ఉంది.

"మమ్మీ, మణి ఆంటీ వాళ్ళు వచ్చారు!" అంటూ హదస్సా ఎగిరి వచ్చింది. సలోమి చప్పున పిల్ల నోరు మూసింది. వెనక్కి తిరిగి చూసింది. ఎజ్రా తల జోనథన్ వైపు వంచి ఏదో శ్రద్ధగా వింటున్నాడు. ఈ పక్కకు చూడనైనా చూడలేదు.

ఏం చెప్పాలి? ఇంట్లో చుట్టాలున్నారు, పది నిమిషాలాగి రమ్మంటే పోయేదేముంది? ఆ మాట తట్టలేదు ఆమెకు. స్టార్ దాచిన చెయ్యి, కార్డు దించిన చెయ్యి, అదే ఊపులో పనిచేసుకుపోయింది. తలుపు తియ్యకుండానే, గొంతు మార్చి, హిందీలో అంది:

"గలత్ ఘర్ హై. జాయియే."

తప్పు ఇల్లు, వెళ్ళండి అని. అవతల పాట తెగిపోయింది. డోలు ఒక దెబ్బ ఎక్కువ మోగి ఆగింది. ఆ గొంతు ఎవరిదో మణికి తెలియకుండా ఉంటుందా? పురిటి మంచం మీద ఆ గొంతు అరుపులన్నీ విన్న మనిషాయె!

"సారీ అండీ," అంది మణి తెలుగులోనే. తర్వాత వెనక్కి తిరిగి, "పదండి, ఈ ఇల్లు కాదంట," అంది.

చెప్పుల చప్పుడు లిఫ్టు దాకా వెళ్ళి ఆగిపోయింది. సలోమి పిల్ల నోటి మీంచి చెయ్యి తీసింది. హదస్సా తల్లి ముఖంలోకి అలా చూస్తూనే ఉంది. కోడి కూయకముందు పేతురు యేసు ఎవరో ఎరగనని ఎలా బొంకాడో ఆదివారం బడిలో నేర్పిందీ సలోమే, ఆ పిల్లకి.

ఆమె గదిలోకి తిరిగి వచ్చేసరికి జోనథన్ నెమ్మదిగా, ఒక్కో మాటా ఏరుకుంటూ మాట్లాడుతున్నాడు. భార్య, కూతురు మారడం ఒక్కటే కాదు. మీ తాతగారి కథ వింటే గుండె నిండింది. కానీ మా పెద్దలకు ఆధారాలు కావాలి. ఎజ్రా, మీరు కూడా మొదటినుంచీ మారాల్సి ఉంటుంది. వేరే దేశం వెళ్ళాలి, చదవాలి, పెద్దల సభ ముందు నిలబడాలి, ఏళ్ళు పట్టొచ్చు. అప్పటిదాకా పిల్ల అక్కడ దీపం ముట్టించడం కుదరదు. అయితే మీరు ముగ్గురూ అతిథులుగా ఎప్పుడైనా రావచ్చు, సంతోషంగా ఆహ్వానిస్తాం.

"నేనా?" అన్నాడు ఎజ్రా. "నేను మారడమేంది? నేను పుట్టిందే..."

జోనథన్ ముఖంలో నిజమైన బాధ కనబడింది. కాగితం కప్పు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వచ్చి సలోమికి నమస్కారం పెట్టాడు. తలుపు అవతల నేల మీద కేకు డబ్బా ఉంది. పాపం ఆయన దాన్ని తొక్కకుండా జాగ్రత్తగా పక్కకు అడుగేసి వెళ్ళాడు.

ఆ తర్వాత ఎజ్రా ఇంట్లో మాట్లాడటం మానేశాడు. హనుక్కా మొదటి రాత్రి వచ్చింది, పోయింది. ప్రమిదలు తియ్యలేదు. పిల్ల ఒకసారి కిటికీ గట్టు తుడిచి, నాన్న వైపు చూసి, ఊరుకుంది. సలోమి మాత్రం ఆదివారం షార్జా చర్చికి వెళ్ళింది. ఆరాధన అయ్యాక మణి ఎదురుపడింది. ఎప్పుడూ 'అక్కా' అని మీదపడే పిల్ల, చేతులు జోడించి "వందనాలండీ" అంది. ఆ 'అండీ' విన్నాక సలోమికి అక్కడ నిలబడాలనిపించలేదు. క్లినిక్‌లో క్రిస్మస్ రోజు డ్యూటీ తనే అడిగి వేయించుకుంది.

పండుగనాడు డ్యూటీ దిగి, క్లినిక్ వ్యాన్‌లోంచి తమ వీధి మలుపులో తలెత్తి చూసింది. నాలుగో అంతస్తు బాల్కనీలో తన ఎర్ర స్టార్ వెలుగుతోంది. అమ్మ పంపిన స్టార్! ఎజ్రాకు తెలిసొచ్చింది, తను ఏం వదులుకుందో చూశాడు, తన కోసం పెట్టాడు అనుకుంది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కింది. ఎక్కుతూ ఏడ్చింది కూడా, వెర్రి మనిషి.

లోపల పొయ్యి మీద మూకుడులో నూనె కాగుతోంది. హదస్సా కొత్త గౌనులో కుర్చీ అంచున కూర్చుంది. ఎజ్రా చాలా రోజుల తర్వాత నవ్వుతున్నాడు, అయితే ఆ నవ్వులో పళ్ళే ఉన్నాయి.

"వచ్చావా? చూశావా స్టార్‌ని? వాడెవడే మనల్ని అతిథులు అనడానికి! ఈ పక్క వచ్చి చూస్తే చూసి చావనీ. మనకి చర్చి లేదా? మన కుర్చీ మనకి లేదా? వచ్చే ఆదివారం నేనూ వస్తున్నా. ఆ దీపాలూ గీపాలూ ఖలాస్."

వంటింటి చెత్తబుట్టలో ప్రమిదలు ముక్కలై ఉన్నాయి. ఇత్తడి గ్లాసు కూడా అందులోనే ఉంది.

"అవెందుకు పగలగొట్టారు?" అంది సలోమి.

"ఎందుకేంది? ఎవరికోసం ఇంక? మణికి ఫోన్ చేస్తున్నా, అందర్నీ తీసుకురమ్మని. ఈ ఏడు పాట పడలేదు గదా మనింట్లో." ఆమె వద్దనేలోపల ఫోన్ స్పీకర్లో పెట్టేశాడు. "అమ్మాయ్ మణీ! హ్యాపీ క్రిస్మస్! ఏంది, మమ్మల్ని మరిచిపోయారా? రాండి, స్టార్ పెట్టాం. మీ అక్క పువ్వులు వండుద్ది."

"మరిచిపోలేదు బావగారూ," అంది మణి. "ఆ ఆదివారం వచ్చాం. ఆ ఫ్లాట్‌లో ఎవరో హిందీ ఆవిడ ఉంటుందంట. ఇల్లు తప్పని పంపించేసింది." ఫోన్ కట్ అయింది.

"హిందీ ఆవిడెవరు? వేరే బిల్డింగ్‌కి పోయినట్టున్నారే!" అని ఎజ్రా సలోమి వైపు చూశాడు.

"మమ్మీయే డాడీ," అంది హదస్సా. "ఆ అంకుల్ ఉన్నప్పుడు. నా నోరు మూసి మమ్మీ హిందీలో చెప్పింది."

ఎజ్రాకు నవ్వు ఎక్కడ ఆపాలో తెలియలేదు. "ఎప్పుడు? నేను వినలేదే!"

"వినలేదు," అంది సలోమి. "మీకు పక్కనే, నాలుగడుగుల్లో, పురిట్లో నన్ను చూసుకున్నవాళ్ళని ఎవరో తెలియనట్టు పొమ్మన్నాను. మీకు వినబడనైనా లేదు. మీ చెవులు ఆయన దగ్గరున్నాయి."

"నేనేమన్నా అట్టా చెప్పమన్నానా?"

"అనలేదు. స్టార్ దాచమన్నారు, దాచాను. సరే అనమన్నారు, అన్నాను. మిగతాది నాకు నేనే చేసుకున్నాను, మీకోసం. ఇప్పుడు అక్కడ కుర్చీ వెయ్యలేదని ఇక్కడికొచ్చి కూర్చుంటానంటున్నారు. ఇక్కడున్న కుర్చీని నేను ఆ రోజే తన్నేశానండీ. మీకూ లేదు, నాకూ లేదు."

"సలోమీ..."

"నాకోసం పెట్టారనుకుని మెట్లెక్కి వచ్చాను. ఆయన మీద కోపంతో పెట్టారు." అంది సలోమి. "మీ తాత ఎవరి మీదా కోపంతో దీపం పెట్టలేదు. నాయనమ్మ ప్రమిదలు పగలగొట్టడానికి మీకు చేతులెలా వచ్చాయి?"

ఎజ్రా చెత్తబుట్ట వైపు చూశాడు. వంగి ఇత్తడి గ్లాసు తీశాడు. దానికి అంటిన మసి తుడుస్తూ, ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

ఆ రాత్రి హనుక్కాలో ఆఖరిది. తొమ్మిది ప్రమిదలూ వెలగాల్సిన రాత్రి. సలోమి పొయ్యి ఆపింది. బాల్కనీలోకి వెళ్ళి స్టార్ స్విచ్ మీద చెయ్యి పెట్టింది.

"ఉండనీ మమ్మీ," అంది హదస్సా వెనకాలే వచ్చి. "ఎవరైనా చూసుకుని వస్తారేమో."

"రారమ్మా. మణి ఆంటీ సరిగ్గానే చెప్పింది, ఇది తప్పు ఇల్లే," అని సలోమి స్విచ్ ఆపేసింది.